ఎర్ర దారం సీసాలకు ఒక చుక్క ఎక్కువ

హనుమకొండలో పరిశోధన చేసే రోజుల్లో నా సంసారమంతా గాజు సీసాల్లోనే. డాఫ్నియా అని, చెరువు నీళ్లలో ఉండే ప్రాణులు. ఆవగింజంత ఉంటాయి, కుదురుగా ఉండవు, గంతులే గంతులు. సగం సీసాల్లో ఉన్న తల్లులకు తక్కువ మోతాదు రేడియేషన్ తగిలించి, ఆ సీసాల మెడకు ఎర్ర దారం కట్టాను. వాటికి పుట్టే పిల్లలు తగ్గుతాయా లేదా అన్నదే నా థీసిస్.

మేత వేసేది ల్యాబ్ అటెండరు. అందరం చాచా అనేవాళ్లం. సీసాకు రెండు చుక్కల ఈస్ట్ నీళ్లు, అంతే. వాటి మీద నాకంటే ఆయనకే పావురం, అదే ముద్దు, ఎక్కువ. పిల్లలు మంచిగున్నాయా అని రోజూ అడిగేవాడు.

తీరా లెక్కపెడితే, ఎర్ర దారం సీసాల్లోనే పిల్లలు ఎక్కువ! పరుగున పోయి మా సార్‌కు చెప్పాను. ఆయన మేత ఎవరు వేస్తున్నారని మాత్రం అడిగారు. నాకు ఒళ్లు మండింది. నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్లను అడగాలి.

మర్నాడు పెందలాడే వెళ్లాను. చాచా ఎర్ర దారం సీసాల్లో మూడో చుక్క వేస్తున్నాడు. మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరైంది. పెద్దాయన అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు అరిచాను.

"గవి సుస్తుగున్నయి బిడ్డా. కడుపుతోటున్నదానికి ఒక ముద్ద ఎక్కువ పెడ్తం గద," అన్నాడు.

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆయన కూతురు దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఇప్పుడు ఐదో నెల. నా సీసాల గురించి విన్నప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదట. రోజూ ఎవరి పిల్లల గురించి అడిగేవాడో అప్పుడు తెలిసి, సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ ప్రాణుల లెక్క మనుషులకు కుదరదని, డాక్టరమ్మనే అడగమని చెప్పాను. తలూపాడు గాని ఫికర్ పోలేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. మేత తానే వేస్తానని పట్టుబట్టాడు. అన్నిటికీ రెండే చుక్కలు. ఈసారి ఎర్ర దారం సీసాల్లో పిల్లలు తగ్గాయి. అప్పటికి ఆయన కూతురికి నెలలు నిండుతున్నాయి. ఆయన చూడకముందే నోట్‌బుక్ మూయబోయాను. చేయి అడ్డం పెట్టాడు.

"తక్కువుంటే తక్కువనే రాయి బిడ్డా. నా బిడ్డ అసొంటోళ్లు ఎంతమందున్నరో. ఆళ్లకు తెల్వాలె."

ఆయన పక్కనే నిలబడి ఉండగా రాశాను.