మా మేనత్త అడుగు

కిందటి నెల మా యేసు గుడి వార్షికోత్సవంలో పదిమంది ఆడపిల్లలు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు కలుపుకుని మా కొండ ఆట థింసా అడుగులు వేశారు. స్పీకరు పెట్టెలోంచి వస్తున్నది నా గొంతు, నా పాత క్యాసెట్టు పాట. మైకులో నా పేరు చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న నేను మాత్రం తలెత్తలేక ఆ పిల్లల పాదాల కేసే చూస్తూ ఉండిపోయాను. ఆ పాట నాది కాదు, మా మేనత్తది.

తొంభైల్లో డుంబ్రిగుడ చుట్టుపట్ల క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికైనా సమాధి కూడికకైనా మా మేనత్త పాడవలసిందేనని నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చిన్న వయసులోనే భర్త పోతే మా నాన్న దగ్గరికి వచ్చేసింది. అక్షరం ముక్క రాదు. ఆదివారం విన్న వాక్యం బుధవారానికల్లా చోడి చేలో కలుపు తీస్తూనే పాట కట్టేసేది. మాటలు దేవుడివి, వరసలు మాత్రం మా కొండవి. సంతకి నడుస్తూ ఆమె ఎత్తుకుంటే వెనకాల మోపులతో వచ్చే ఆడవాళ్ళు అందుకునేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ పాటే చెప్పేది.

నేను మైదానంలో హాస్టల్లో ఉండి చదువుకుని, హార్మోనియం నేర్చుకుని, మా ఊరికే టీచరుగా వచ్చాను. గుడిలో పాటల బాధ్యత నాకు అప్పగించారు. పాడేటప్పుడు మా మేనత్త కాళ్ళు ఊరుకునేవి కావు. థింసాలో లాగే ముందుకీ వెనక్కీ అడుగు పడుతూ ఉండేది. ఆటలన్నీ వదిలేసి గుడికి వచ్చామని చెప్పుకునే రోజులవి. హాస్టల్లో నా తోటివాళ్ళు మా ఆటని చూసి నవ్విన నవ్వుకి పుట్టిన సిగ్గునే నేను భక్తి అనుకున్నాను. గుడిలో కాళ్ళు కదపకత్తా అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నవ్వేసేది.

“నీ పెట్టెకి నువ్వు గాలి కొట్టట్లేదేటిరా గుంటడా? నాకిదీ అంతే. కాలాడకపోతే గొంతెలాగ ఆడతాది?”

ఆమె కట్టిన కొండ ఎక్కే పాటని క్యాసెట్టు చేయించాలని సంఘ పెద్దలు అనుకున్నారు. నేనే ఆమెను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాను. స్టూడియోలో ఆమె గొంతెత్తగానే పాదాల చప్పుడు కూడా మైకులో పడింది. మూడుసార్లు ఆపారు. చివరికి ఆ రికార్డింగు చేసే కుర్రాడే ఒక దుప్పటి నాలుగు మడతలు వేసి తెచ్చి, పెద్దావిడ్ని దీని మీద అడుగు వెయ్యనివ్వండి సార్, ఆ ఊపే బాగుంది అన్నాడు. నేను వద్దన్నాను. ఇది ఆట కాదు, దేవుడి పాట అన్నాను. ఆమె ఎదురుగా నిలబడి రెండు భుజాలూ పట్టుకుని, కదలకుండా పాడమన్నాను. గొంతు పలికింది, రెండో చరణానికి ఊపిరి చాల్లేదు.

“నా వల్ల కాదురా. నువ్వు పాడేసీ,” అంది.

నేను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నేను పాడుతున్నంతసేపూ ఆమె బయట బల్ల మీద, ఆ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆ తరవాత గుడిలో ఆమె పాట ఎత్తుకోలేదు. వెనక వరసలో కూర్చుని అందరితో పాటు అందుకునేది. నన్ను హుకుంపేట, రాజవొమ్మంగి కూటాలకి పిలిచారు, శాలువాలు కప్పారు. మా గుంటడే అని ఆమె అందరికీ చెప్పుకునేది. కూటాల్లో ఏడుస్తూ ఎన్నో పాపాలు ఒప్పుకున్నాను గానీ, ఇది ఆ లెక్కలోకి వస్తుందని అప్పట్లో నాకు తోచలేదు.

చాలా ఏళ్ళకు ఆమె మోకాళ్ళు పట్టేసి మంచం మీద ఉండగా, ఒక మధ్యాహ్నం టేప్ రికార్డరు తీసుకుని వెళ్ళాను. క్షమాపణ అడగాలనీ, ఆ పాట ఆమె గొంతులో ఉంచుకోవాలనీ నా ఉద్దేశం.

“కాళ్ళు పోనాయి కదరా, పాటెక్కడుంటాది? సర్లే, నువ్వెయ్యి అడుగు. నాను పాడతాను,” అంది.

లేచి నిలబడ్డాను. ఏళ్ళ తరబడి హార్మోనియం ముందు కదలకుండా కూర్చున్నవాణ్ణి, ముందు ఏ కాలు పడాలో తెలియలేదు. ఆమె ఒక్క చరణం ఎత్తుకుని నా కాళ్ళు చూసి ఆపేసింది.

“ఓలమ్మో, ఏటిరా ఆ గెంతులు? ఎద్దు కాల్లో ముల్లిరిగినట్టు!”

ఒకటే నవ్వు. ఆ నవ్వులో నేనూ నవ్వి, అడగవలసింది అడగకుండానే వచ్చేశాను. నెల తిరక్కుండా ఆమె పోయింది. టేపులో ఒక చరణం, ఆ నవ్వు మిగిలాయి.

ఇప్పుడు గుడిలో అడుగు వేస్తే తప్పు పట్టేవారు లేరు, సంతోషమే. కానీ అడుగు వేసేవాళ్ళు పాడటం లేదు. పాట పెట్టెలోంచి వస్తోంది. ఎత్తు ఎక్కేచోట ఊపిరి తీసుకునే పనీ లేదు, అందరికీ ఆటోలున్నాయి.

వార్షికోత్సవం అయ్యాక ఆ పిల్లలు నా దగ్గరికి వచ్చారు. ఆ పాట ఎవరిదో వాళ్ళకు చెప్పాను, ఇకమీదట ఆమె పేరే చెప్పమన్నాను. అందులో ఒక గుంట, అడుగు సరిగ్గా పడిందా తాతా అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. తెలిసిన మనిషిని కదలకుండా నిలబెట్టింది నేనే.