అక్క పాటలు... నా అరచేతి దెబ్బ

గౌరవనీయులైన మిత్రులకు, ముఖపరిచయం లేని ఆత్మీయులకు ఒక విశ్రాంత ఉపాధ్యాయుని నమస్కారములు.

మా చిన్నప్పుడు... దిల్‌సుఖ్‌నగర్‌లో మేము కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో, గూట్లో ఒక రేడియో ఉండేది. పాట మధ్యలో గురగురమని మూగబోయేది. నాన్నగారు లేచి, దాని కుడి పక్కన అరచేతితో ఒక్కటి వేసేవారు... పాట మళ్ళీ వచ్చేది.

నాన్నగారు లేనప్పుడు ఆ అధికారం మా శారదక్కది. గూడు నాకు అందేది కాదు. నన్ను చంకనెత్తుకుని, "ఊఁ, కొట్టరా!" అనేది. నేను కొట్టేవాణ్ణి. ఎన్ని దెబ్బలకూ రేడియో పలకకపోతే, ఆగిన చోటు నుంచి అక్కే అందుకునేది. ఆ తరువాత అమ్మ దగ్గర నేర్చిన దంపుళ్ళ పాటలు, లాలిపాటలు...

ఉద్యోగ విరమణ తరువాత ఆ పాటలన్నీ అక్క గొంతులోనే భద్రపరచాలని ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్ళాను. దుకాణం నా పూర్వ విద్యార్థి యాదగిరిది. ఒకే వెలకు రెండు చూపించాడు. ఒకదానికి పెద్ద తెర, ఎక్కువ ర్యామ్, పాటలు దాచుకోవడానికి వెయ్యి జీబీల హార్డ్ డిస్క్. రెండవదానికి చిన్న తెర, తక్కువ ర్యామ్, రెండు వందల యాభై ఆరు జీబీల ఎస్‌ఎస్‌డీ.

"సార్, గీ చిన్నది తీస్కోండ్రి. హార్డ్ డిస్క్‌ల పళ్ళెం తిరుగుతుంటది, జర దెబ్బ తగిల్తే ఖతం. ఎస్‌ఎస్‌డీల తిరిగేదే లేదు."

"వెయ్యి పెద్దదా, రెండు వందల యాభై ఆరు పెద్దదా? లెక్కల్లో నీకెన్ని మార్కులు వచ్చేవో నాకింకా గుర్తుందిరా!"

దుకాణంలో అందరూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వి, నేను కోరినదే సంచిలో పెట్టాడు. "ఇంకో కాపీ అన్న పెట్టుకోండ్రి సార్," అన్నాడు. నేను వినిపించుకోలేదు.

అక్క అప్పటికి ఎల్బీ నగర్‌లో కూతురి దగ్గర ఉండేది. ప్రతి ఆదివారం వెళ్ళి పాడించి, ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకునేవాణ్ణి. ఎక్కడైనా పదం తప్పుగా పలికితే ఆపి సరిదిద్దేవాణ్ణి.

"పాటకు కూడా ఎర్రసిరా గీతలేనా నీకు? నోరు మూసుకుని వినవోయ్!" అనేది. ఆ తిట్లు కూడా అందులోనే ఉండిపోయాయి...

అక్క పోయిన మూడవ నెలలో, ఒక మధ్యాహ్నం ఆ గొంతు వినాలనిపించింది. లాలిపాట సగంలో ఆగిపోయింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. నా చేయి దానంతట అదే లేచింది. కుడి పక్కన, అరచేతితో, ఒక్కటి వేశాను. పాట రాలేదు. మరొకటి వేశాను. లోపల టక్... టక్... అని చప్పుడు.

"కింద పడ్డదా సార్?" అని అడిగాడు యాదగిరి.

"లేదు. నేనే కొట్టాను."

ఆ రోజు దుకాణంలో ఎవరూ నవ్వలేదు. బాగుచేసేవారి దగ్గరకు పంపించాడు. పళ్ళెం మీద గీతలు పడ్డాయట. ఒక్క పాట కూడా తిరిగి రాలేదు.

మొన్న మరొక ల్యాప్‌టాప్ కొన్నాను. ఈసారి తెర, ర్యామ్ ఏదైనా తగ్గనీ, ఎస్‌ఎస్‌డీ మాత్రం ఉండాలన్నాను. చప్పుడు లేకుండా క్షణంలో తెరుచుకుంటుంది. యాదగిరి తనంతట తానే రెండవ కాపీకి ఒక చిన్న డ్రైవ్ కూడా ఇచ్చాడు. "ఇండ్ల ఏమేం ఎక్కించమంటరు సార్?" అని అడిగాడు. ఖాళీగానే సంచిలో వేసుకున్నాను.

రేడియో మూగబోతే, ఆ రోజుల్లో అక్క పాడేది. ఇప్పుడు నా బల్ల మీది యంత్రం ఎన్నడూ మొరాయించదు... దానిలో పాటే లేదు.

మీ ఇళ్ళలో అలా అందుకుని పాడినవారు ఎవరో వ్రాయండి, చదువుకుంటాను. ఒక్క విన్నపం... ఈ లేఖను ఇంట్లో పెద్దవారి చేత పైకి చదివించండి. వారు చదువుతున్నప్పుడు ఫోనులో ఆ గొంతును రికార్డు చేసి, రెండు చోట్ల దాచుకోండి. ఎక్కడైనా తప్పు చదివితే... దిద్దకండి.