కత్తెర పెట్టే ముందు

పామిడిలో నైటీలు కుట్టే హబీబాకు కోపమొస్తే నోరు లేవదు, మిషను జోరు పెరుగుతుంది. ఆ వారం ఆమె మిషను చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

ముప్పై మూడేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. ఎనిమిది నెలలుగా నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉంది. మిషను ముందు నుంచి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. వీధిలో వైద్యం చేసే ఓబిలేష్ చెయ్యి కూడా పట్టి చూడకుండా తేల్చేశాడు.

"గర్భసంచి తీసేపిస్తే పీడ వదుల్తాది. ఇద్దరు పిల్లోళ్లు ఉండారు, ఇంక దాంతో ఏం పని? సోమవారం ఆటో పెడతా, నర్సింగ్ హోముకు పోదాం."

"అన్నా, లోపల ఏముండాదో చూసినారా?"

"చూసేదేముండాది? అందరిదీ అదే కత."

భర్త కలీముల్లా సరేనన్నాడు. పక్క మిషను బయమ్మ కూడా, "నాకు ఇరవై తొమ్మిదికే తీసేసినారు, ఏమీ కాదులే" అంది. ఏమీ కాదంటూనే నడుం పట్టుకుని లేచింది. నలభై నిండని ఆ మనిషికి సంచి తీసినప్పటి నుంచీ, పదేళ్లుగా ఒళ్లంతా సెగలు, కీళ్ల నొప్పులు. ఆ వీధిలో సంచి మిగిలిన ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పుచ్చుపన్ను పీకించినంత తేలిగ్గా తీయించేస్తారు, చెప్పుకుంటేనే ఒళ్లు మండే సంగతి.

మరక కనపడిందని గుడ్డ తాను మొత్తం పారేసేవాళ్లు పామిడిలో లేరు. తిరగేసి, వెలుతురుకు పట్టి, మరక ఎంతమేర ఉందో చూసి, అంతవరకే తప్పించి కత్తెర పెడతారు. గుడ్డకున్నపాటి విలువ తన ఒంటికి లేదా అనుకుంది హబీబా. శనివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా అనంతపురం బస్సెక్కింది.

పెద్దాసుపత్రిలో డాక్టర్ హేమలత స్కానింగ్ చూసి, "లోపల చిన్న కండ పెరిగినట్టుందమ్మా. కెమెరా ఉన్న సన్న గొట్టం కింది దారినే లోపలికి పెట్టి చూస్తాం. అదే అయితే అప్పుడే తీసేస్తాం. కోతా లేదు, కుట్టూ లేదు" అంది.

"కుట్టు లేకుండానా?" అంది కుట్టుపనితోనే బతికే హబీబా, నమ్మలేక.

ముందు రక్తం ఎక్కించారు. తర్వాత మత్తిచ్చి, చెప్పినట్టే చేశారు. మర్నాడే ఇంటికి పంపారు. తీసింది పరీక్షకు పంపితే చెడ్డ జబ్బేమీ కాదని వారంలో తేలింది. లోపల తీసిన ఫోటో కూడా ఇచ్చారు. ఎర్రటి గోడకు అతుక్కుని, చొక్కా గుండీ అంత కండ. ఇంత దానికా తన సంచి మొత్తం పోవలసింది.

ఆ ఫోటోను బయమ్మ చాలాసేపు చూసింది.

"నాదీ ఇంతే ఉన్నిందేమో హబీబా?"

అంతలో ఓబిలేష్ బండి వచ్చి వాకిట్లో ఆగింది.

"ఏమ్మా, ఆ సోమవారం ఆటో ఊరికే పోయింది. నా మాటంటే లెక్కలేదా?"

హబీబా నోరు తెరిచేలోపే బయమ్మ లేచింది.

"ఓబిలేషూ, నా సంచి కోసేముందు లోపల ఎవరన్నా చూసినారా?"

"ఎప్పటిదో ఇప్పుడెందుకులే అక్కా."

"పదేళ్లుగా నేను ఉడికిపోతాండా. నాకు ఇప్పటిదే. చూసినారా, లేదా?"

అతను చూపు తిప్పుకుని బండి స్టార్ట్ చేశాడు. జవాబు అదేనని ఇద్దరికీ అర్థమైంది.

వచ్చే సోమవారం ఆటోలో ఎక్కవలసింది ఎదురింటి రేఖ. ఇరవై ఆరేళ్లది. బయమ్మ ఫోటోను కొంగులో పెట్టుకుని, నడుం నొప్పి కూడా మరిచి, ఆ ఇంటి తలుపు కొట్టింది.

"రేఖా, సోమవారం నువ్వు యాడికీ పోవు. ముందు ఇది చూడు."