కుర్చీ వెనకాల నేర్చిన ఇంగ్లీషు

మా బట్లరు తాత పోయాడు. శుక్రవారం మధ్యాహ్నం పక్క వీధి బస్సు కండక్టరన్న చెమటతో తడిసిన ఖాకీ చొక్కాతోనే ప్రెస్సు గుమ్మం దగ్గరికి వచ్చి, "తాత లేడురా" అన్నాడు. డ్యూటీ మధ్యలో వచ్చిన మనిషి. నేను ఒక పెళ్లి శుభలేఖకు సీసపు అక్షరాలు పేరుస్తున్నాను. పెళ్లికూతురి పేరు దగ్గర ఆపేసి, చేతులకు అంటిన సిరా కూడా కడుక్కోకుండా చింతాద్రిపేటలోని మా ఇంటికి నడిచాను. ఆ శుభలేఖ ఎవరు పూర్తిచేశారో నాకు తెలియదు.

ఆయన నాకు సొంత తాత కాడు. నేను అద్దెకుండే ఇంట్లోనే ఎదురు వాటా ఆయనది. అందరూ తాత అనేవాళ్లు, నేనూ అన్నాను. తెల్లదొరల క్లబ్బొకదాంట్లో నలభై ఏళ్లు భోజనాల గదిలో పనిచేశాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ క్లబ్బులో ఆయన్ను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. మా వీధిలో ఎవరికీ ఆ అవసరం రాలేదు. దొరలు ఓడలెక్కి పోయాక ఆయనకు మిగిలినవి ఒక తెల్ల కోటు, "నమ్మకస్తుడు, తాగడు" అని ఒక దొర రాసిచ్చిన కాగితం. ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. నలభై ఏళ్ల చాకిరీకి రెండు మాటలా అని ముఖం మీదే అడిగాను.

"నీకు ఒక్క మాటన్నా ఎవడన్నా రాసిచ్చినాడా?" అన్నాడు.

నేను మూడో క్లాసుతో బడి మానేశాను. తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడూ ప్రెస్సులోనే నేర్చాను, అదీ కంటితో. ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగా ఎంత వేగంగా కావాలన్నా పేర్చగలను. నోరు తెరిస్తే మాత్రం ఒక్క ముక్క వచ్చేది కాదు. మౌంటు రోడ్డులో మేడమీద ఒక ఇంగ్లీషు భోజనాల హోటలుంది. వాళ్ల మెనూ కార్డులు అచ్చయ్యేది మా దగ్గరే. ఒకసారి ఆ కార్డుల కట్ట మోసుకుని ముందు మెట్లెక్కి పోయాను. కౌంటరులో ఉన్న మనిషి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. అతను ఇంకోసారి అడగలేదు, వేలితో వెనక సందు చూపించాడు. అంట్లు తోమేవాళ్ల మధ్యనుంచి పోయి, నా చేత్తో పేర్చిన కార్డులు అప్పగించి వచ్చాను.

ఆ సాయంత్రం అరుగుమీద కూర్చుని ఆ హోటల్నీ, ఇంగ్లీషునీ, నా పుట్టుకనీ కలిపి తిట్టాను. తాత వినీ వినీ నా జేబులోంచి తొంగిచూస్తున్న, అచ్చు చెడిపోయిన మెనూ కార్డు లాక్కున్నాడు.

"ఇది నువ్వు అచ్చేసిందేనా?"

"నేనే."

"దీంట్లో ఒక్కటన్నా తిన్నావా?"

"యాడ తింటా తాతా! అవేందో కూడా తెలీదు."

"తెలీకుండానే అచ్చేస్తివా! సరిపోయింది పో. నేను తినకుండానే వడ్డించినా. మంచి జత మనది." పకపకా నవ్వాడు. "ఆదివారం పొద్దున రా. మెట్టెక్కే కాడ్నించి చెయ్యి తుడుచుకునే దాకా అంతా ఇంగ్లీషులో చెప్పిస్తా. ఆడ కూర్చుని మాట్లాడినోడు యాడైనా మాట్లాడతాడు."

అట్లా మొదలైంది మా ఆదివారం హోటలు. రెండు దేవదారు పెట్టెల మీద ఒక బల్లచెక్క, దానిమీద ఇస్త్రీ చేసిన తెల్ల పంచె. అల్యూమినియం పళ్లాలు, ఇద్దరికీ కలిపి ఒకటే ఫోర్కు. మెనూ కార్డు నేను చెడగొట్టినదే. బస్సులో ఎవరన్నా ఇంగ్లీషులో అడిగితే నోరు పడిపోతోందని పక్క వీధి కండక్టరన్న కూడా చేరాడు. మేమిద్దరం కూర్చునేవాళ్లం. తాత తెల్ల కోటు తొడుక్కుని, ముంజేతి మీద తువ్వాలు వేసుకుని, మా కుర్చీల వెనకాల నిలబడేవాడు.

కుర్చీ లాగడం దగ్గరే మొదటి ఆదివారం గడిచిపోయింది. "జానెడు వెనక్కి లాగాల. తక్కువైతే మనిషి దూరాల, ఎక్కువైతే కుర్చీని ఎతుక్కోవాల" అనేవాడు. తర్వాత కార్డు చదవడం. ఒక్కొక్క పేరూ ఏమిటో, దేంతో చేస్తారో, ఏది ముందు తింటారో చెప్పేవాడు. "మద్యనిషేధం పుణ్యాన సగం కార్డు తగ్గిందిరా. మీ అదృష్టం" అనేవాడు. లోపల్నుంచి తాత భార్య, మా అవ్వ, ఇడ్లీలూ రసమూ అందించేది. ఇడ్లీ అంటే రొట్టె, రసం అంటే సూపు. ఇంగ్లీషులో అడిగితేనే పళ్లెంలో పడేది.

"రసాన్ని ఇంత బతిమాలి తాగినోళ్లని నా జన్మలో చూళ్లా" అనేది అవ్వ.

"బతిమాలకుండా అడిగేదే గదే నేర్పించేది!" అని అరిచేవాడు తాత.

నిజంగా ఆయన నేర్పింది అదే. ఒక ఆదివారం కావాలనే చల్లారిన రసం తెచ్చి నా ముందు పెట్టి, "ఇప్పుడు చెప్పు" అన్నాడు. నాకు నోటికొచ్చింది తిట్టే.

"తిడితే గెంటేస్తారు. గమ్మునుంటే చల్లారిందే తాగాల. రెంటికీ మధ్యన ఒక మాటుండాది. అది పట్టుకో."

దిస్ సూప్ ఈజ్ కోల్డ్. ప్లీజ్ బ్రింగ్ మీ అనదర్. ఈ రెండు ముక్కలూ నాచేత ఎన్ని ఆదివారాలు అనిపించాడో లెక్కలేదు. గొంతు లేస్తే కాదనేవాడు, తగ్గినా కాదనేవాడు. ముందుకు వంగితే వీపుమీద తట్టేవాడు. "కోపం కడుపులో ఉండనీరా అబ్బోడా. అదుంటేనే మాట నిటారుగా వస్తాది. గొంతులోకి మాత్రం ఎక్కనీబాకు." కోపం తగ్గించుకోమని నాకు ఈ పట్నంలో చెప్పనివాడు లేడు. ఉంచుకోమన్నవాడు ఆయనొక్కడే.

తినడానికి వచ్చినవాడు బేరరును ఎలా పిలవాలో కూడా ఆయనే చూపించాడు. గడ్డం కాస్త పైకెత్తి, అటు చూడకుండానే వేళ్లు చిటికవేసి "బాయ్!" అనేవాడు. అచ్చం దొర. మేమూ చిటిక వేసేవాళ్లం. పాఠాలన్నిట్లోకీ నాకు ముందు పట్టుబడింది అదే. చెప్పొద్దూ, ఆ చిటిక వేస్తుంటే నాకు భలే ఉండేది.

ఒక్కటే నాకు మింగుడుపడేది కాదు. పాఠం జరిగినంతసేపూ తాత కూర్చునేవాడు కాదు. "కూర్చో తాతా" అంటే "నాకు ఇంగ్లీషు నిలబడితేనే వస్తాది" అనేవాడు. నలభై ఏళ్లు వడ్డించి, వడ్డించిన బల్లదగ్గర ఒక్కనాడూ కూర్చోని మనిషి. నాకు పంతం పట్టుకుంది. ఆ మేడమీది హోటలుకే, ఆ ముందు మెట్లమీదుగానే తీసుకుపోయి, ఈయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకొకరి చేత సూపు తెప్పించి ఆయన ముందు పెట్టించాలి. అది చెయ్యకపోతే నేను నేర్చిన ఇంగ్లీషు ఎందుకూ కొరగాదనుకున్నాను. తాత ఏడాది పాటు రానన్నాడు. చివరికి అవ్వే గెంటింది.

"పోయిరా. నలభై ఏళ్లు ఆ తిండి వాసన చొక్కాకు పట్టించుకుని వస్తివి. రుచేందో చూసొచ్చి నాకు చెప్పు."

బయల్దేరేముందు తెల్ల కోటు తొడుక్కోబోయాడు. వద్దని లాగేశాను. మెడదాకా గుండీలు పెట్టిన మామూలు చొక్కాతో, నాకంటే ఒక మెట్టు వెనకగా ఎక్కాడు. కౌంటరులో అదే మనిషి. "టేబుల్ ఫర్ టూ, ప్లీజ్" అన్నాను. అతను నన్ను గుర్తుపట్టలేదు, చెయ్యి చాచి లోపలికి దారి చూపించాడు. కిటికీ పక్క బల్ల. తాత కుర్చీ అంచున కూర్చున్నాడు, బస్సులో వచ్చే స్టాపులో దిగబోయేవాడిలాగ. నేను మాత్రం వీపు ఆనించి కూర్చున్నాను. ఇన్నాళ్ల పాఠం, ఇన్నాళ్ల మంట, అన్నీ కలిసి వేళ్లలోకి వచ్చాయి. గడ్డం ఎత్తాను. చిటిక వేశాను.

"బాయ్!"

గోడవార నుంచి బేరరు కదిలాడు. తల ముగ్గుబుట్ట, తాత ఈడువాడే. అతను రెండడుగులు వేసేలోపల నా ఎదురుగా కుర్చీ కాళ్లు నేలమీద గీరుకున్నాయి. తాత లేచి నిలబడ్డాడు. చేతులు పక్కలకు అంటుకుని ఉన్నాయి.

"యస్, సర్" అన్నాడు తాత.

"యస్, సర్" అన్నాడు బేరరు.

నేను చచ్చిపోయాననుకున్నాను. నలభై ఏళ్లు ఆ క్లబ్బులో ఆయన పేరు ఆ "బాయ్" అన్నదే. ఆయన చెవులకు వినపడిన ఇంగ్లీషు అదే, అందుకే నాకూ అదే నేర్పాడు. నన్ను వెనక సందులోకి తరిమిన మనిషి వేలు ఏడాదికి పైగా నన్ను కాల్చుతూనే ఉంది. ఆ వేలునే ముద్దుగా నేర్చుకుని, ఆరోజు ఇద్దరు ముసలివాళ్ల మీద చిటికవేశాను. నా కోపానికి ఆ గదిలో నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

బేరరు తాతను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ నిలబడడం చూసి అతనికి అంతా తెలిసిపోయినట్టుంది. "ఉక్కారుంగ అయ్యా" అన్నాడు అరవంలో మెల్లగా, కూర్చోండి అని. తాత కూర్చోలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పక్క బల్లవాళ్లు చూస్తున్నారు.

నేను లేచి ఇవతలికి వచ్చి ఆయన కుర్చీ పట్టుకున్నాను. జానెడు వెనక్కి లాగాను, తక్కువ కాదు ఎక్కువ కాదు. "ప్లీజ్ సిట్, సర్" అన్నాను. తాత కుర్చీ కేసీ నా కేసీ చూసి, ఈసారి నిండుగా కూర్చున్నాడు. అప్పుడు బేరరు వైపు తిరిగి, "టూ సూప్స్ ప్లీజ్, సర్" అన్నాను. బేరరును సర్ అనమని తాత నాకు నేర్పలేదు. ఏ దొరా అనగా ఆయన వినలేదు.

సూపు వచ్చింది. తాత ఒక చెంచా తాగి ఆగాడు.

"ఎట్టుండాది తాతా?"

"చల్లారిపోయిందిరా" అన్నాడు గుసగుసగా.

"అయితే చెప్పు."

"నేనా?"

"ఇంకెవురు? నీ సూపే గదా."

ఎంతమంది నోట ఆ మాట విని పళ్లెం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి ఉంటాడో. తాత వీపు కుర్చీకి ఆనించాడు. బేరరు ఇటు తిరిగేదాకా ఆగాడు. "దిస్ సూప్ ఈజ్ కోల్డ్. ప్లీజ్ బ్రింగ్ మీ అనదర్" అన్నాడు. గొంతు లేవలేదు, తగ్గలేదు. బేరరు "సారీ, సర్" అని వంగి తీసుకుపోయాడు. మీసాల కింద నవ్వుతూ పోయాడు. తిరిగి తెచ్చిన సూపు పొగలు కక్కుతోంది. తాత అడుగుదాకా తాగి, తువ్వాలుతో మూతి అద్దుకున్నాడు.

దిగేటప్పుడు నాకంటే ముందు దిగాడు.

"అవ్వకి ఏం చెప్తావు?" అన్నాను.

"దాని రసమే మేలని చెప్తా. అయితే ఇది తాగితేనే గదా ఆ మాట చెప్పేది."

మరుసటి ఆదివారం చిటికను పాఠంలోంచి తీసేశాడు. "ఇన్నాళ్లూ దొరలు నాకు చెప్పింది మీకు చెప్పినా. తప్పయిపోయిందిరా. ఇంక ఎక్స్‌క్యూజ్ మీ అనండి" అన్నాడు. ఆనాటి నుంచి ఆయనా కూర్చున్నాడు. మేమే వంతులు వేసుకుని తువ్వాలు వేసుకునేవాళ్లం, ఆయన వంకలు పెట్టేవాడు. నలభై ఏళ్లుగా దాచుకున్న వంకలన్నీ పెట్టాడు. ఫోర్కు ఎడమవైపు లేదనీ, ఇడ్లీ వంకరగా ఉందనీ!

ఇప్పుడు ప్రూఫులు తీసుకుని ఆ హోటలు ముందు మెట్లమీదుగానే పోతున్నాను. మొన్నామధ్య వాళ్ల కార్డులో ఒక తప్పుంటే కూర్చుని ఇంగ్లీషులోనే చెప్పాను. కౌంటరు మనిషి దిద్దుకున్నాడు. నాది బట్లరు ఇంగ్లీషని ప్రెస్సులో ఒకరిద్దరు నవ్వుతారు. నవ్వుకోనీండి. అది ఎవరి దగ్గర నేర్చానో నాకు తెలుసు.

ఆయన పోయినరోజు అవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "పొద్దున రసం చల్లారిందని ఇంగ్లీషులో చెప్పినాడు నాయనా. నాకర్థమయింది. వేడి చేసి ఇస్తే తాగి పడుకున్నాడు. ఇంక లేవలేదు" అంది.

దొర ఆయనకు రెండు మాటలు రాసిచ్చాడు. నేను నాకు చేతనైనన్ని రాశాను. వీటికి అక్షరాలు కూడా నేనే పేరుస్తాను.

కర్మలన్నీ ముగిశాక వచ్చిన ఆదివారం అవ్వే తలుపు తట్టి, "ఈపొద్దు హోటలు లేదా?" అని అడిగింది. బల్లచెక్క వేశాం. పంచె పరిచాం. కండక్టరన్న తువ్వాలు వేసుకుని లోపల్నుంచి రసం తెచ్చి, తాత కూర్చునే చోట పెట్టాడు. నేను ఆయన కుర్చీని జానెడు వెనక్కి లాగిపెట్టాను. మేం పాఠం మొదలుపెట్టాం. అవతల ఆ గిన్నెలోంచి ఆవిరి లేస్తూనే ఉంది.