సిప్పీఘాట్ నీళ్ళు వేసిన లైటు

ఆ రోజుల్లో చేతిలో లైటుంటే సూర్యుడితో కూడా పనిలేదనుకునేవాణ్ణి. సునామీ వచ్చిపోయిన మరుసటి ఏడాది. మా దీవుల్లోని అబర్డీన్ బజార్‌లో మా బావకు పెళ్ళి వీడియోల దుకాణం ఉండేది. కెమెరా ఆయనది, లైటు నాది, పొగరు కూడా నాదే.

అప్పుడే ఒక పెళ్ళి పని వచ్చింది. పెళ్ళికూతురిది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేపలవేటతో బతికే కుటుంబం. అల వాళ్ళమ్మనూ, ఇంటినీ, గోడమీది ఫొటోలనూ తీసుకుపోయింది. పోయిన కూతురి మొహం చూసుకుందామంటే అమ్మమ్మకు ఒక్క ఫొటో మిగల్లేదు. అప్పగింతలప్పుడు ఆ ముసలమ్మ వాళ్ళుంటున్న రేకుల షెడ్డు గుమ్మంలో బావ చెయ్యి పట్టుకుని, "బాబూ, కారెక్కినాక పిల్ల మొగం బాగా అగుపడాల. అచ్చం దానమ్మ మొగమే. ఇంకేటీ అక్కర్నేదు నాకు" అంది. సునామీ తర్వాత ఆమె సముద్రం వైపు చూడటం మానేసిందట (మా దీవుల్లో తల ఎటు తిప్పినా సముద్రమే, అదో కష్టం).

"అది నాకొదిలెయ్ బావా" అన్నాను. సిప్పీఘాట్ దగ్గర సునామీ నాటి భూకంపానికి నేల కుంగి, పొలాల్లోకి సముద్రం వచ్చి నిలిచిపోయింది. రోడ్డు ఆ నీళ్ళ మధ్యనుంచే పోతుంది. జనం అడ్డురారని అంబాసిడర్‌ను అక్కడ ఆపించి, బయటి వెలుగు నా లైటును చెడగొట్టకుండా కిటికీలకు నల్లగుడ్డలు కట్టాను. కెమెరా వణక్కుండా ఇంజను ఆపించి, లైటు తీగను కారు బ్యాటరీకి తగిలించాను. "మధ్యమధ్య ఇంజను స్టార్ట్ చెయ్యాల్రా" అన్నాడు బావ. "నాకు తెలుసు" అన్నాను. (తెలియని విషయాల్లోనే ఆ మాట ఎక్కువగా వాడేవాణ్ణి.)

కారు లోపల పొయ్యి రాజేసినట్టయింది. పెళ్ళికూతురి బొట్టు కరిగి ముక్కు మీదికి దిగింది. "దీదీ, కొంచెం నవ్వండి" అంటే, "నవ్వితే ఉన్న పౌడరు కూడా కారిపోద్ది భయ్యా" అంది. అంతలో లైటు ఎర్రబడి ఆరిపోయింది. డ్రైవరు తాళం తిప్పితే కారు కుయ్యిమనలేదు. "బ్యాటరీ ఖతం. అందరూ దిగి ధక్కా మారండి, పెళ్ళికొడుకు భయ్యా మీరూనూ!" పాపం, అతను పట్టుపంచె ఎగ్గట్టి కారు తొయ్యడానికి దిగాడు. "మా ఆవిడ తమ్ముడివైపోయావు గానీ, లేకపోతే నిన్నా నీళ్ళలోకి తోసేవాణ్ణి" అన్నాడు బావ.

గాలాడక పెళ్ళికూతురే నల్లగుడ్డలు లాగేసింది. వాలుతున్న ఎండ నీళ్ళ మీద పడి, కింది నుంచి కారులోకి ఎగసివచ్చింది. కారు కప్పు మీద, చీర మీద, ఆమె చెంపల మీద వెలుగు అలలు అలలుగా కదిలింది. ఆమె అలాగే నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. తోసేవాళ్ళు తోయడం మరిచిపోయారు. బావ మాత్రం కెమెరా ఆపలేదు.

తర్వాత షెడ్డులో వీడియో వేస్తే, చూస్తూ ముసలమ్మ, "ఈ లైటెవులేసినారు?" అంది. అందరూ నావైపు తిరిగారు. నేనేనని చెప్పబోయాను. కానీ "నీళ్ళు, మామ్మా. సిప్పీఘాట్ నీళ్ళు" అన్నాను.

తెరమీద ఆ అలలు ఆడుతూనే ఉన్నాయి, ఆమె కళ్ళు తిప్పుకోలేదు. "తల్లినట్టుకుపోయి, ఇప్పుడు దాని మొగం సూపిత్తందేటి?" అని గొణిగి, "మళ్ళీ ఎయ్యి బాబూ" అంది.

ఆ వీడియోలో కారు అద్దం మీద, ఆరిన లైటు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ బక్కవాడొకడు కనిపిస్తాడు. ఆ ముక్క కత్తిరిస్తానంటే, మనవరాలి మొహం తరిగిపోతుందని ముసలమ్మ ఒప్పుకోలేదు. ఇప్పటికీ షూటింగుల్లో కారులో సీను తియ్యాల్సి వస్తే, ముందు లైట్లన్నీ ఆర్పించి కాసేపు ఊరికే కూర్చుంటాను. నా దగ్గర పనిచేసేవాళ్ళు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ బక్కవాడి నోరు ఇంకా మూతపడలేదు.