ఇంకుడు గుంతకు కొట్టిన కొబ్బరికాయ

శంషాబాద్ అంగట్లో మంఖాల్ ఊరి కొత్తిమీరను అడిగి మరీ కొనేవాళ్లు. ఆ కొత్తిమీర సక్కుబాయిది. భర్త పోయాక ఆమెకు మిగిలింది అరెకరం తోట, అందులో ఒక బావి. ఊళ్లో బోర్లన్నీ ఉప్పగా మారినా ఆ బావి నీళ్లు మాత్రం తియ్యగానే ఉండేవి.

ఆ తోట పక్కనే గోవర్ధన్ వాటర్ ప్లాంటు పెట్టాడు. ఉప్పు బోరు నీళ్లను మోటారుతో బలంగా సన్నటి పొరలోంచి నెడితే ఒక గొట్టంలో మంచినీళ్లు వస్తాయి. మిగిలిన ఉప్పంతా కొన్ని నీళ్లతో కలిసి, మరింత చిక్కనై రెండో గొట్టంలోంచి బయటికి పోతుంది. క్యాన్లు మోసుకుపోయే మహానుభావులెవరూ ఆ రెండో గొట్టం సంగతి ఏనాడూ అడగలేదు.

మొదట్లో ఆ నీళ్లు రోడ్డు మీద పారేవి. నీళ్లు దండుగైపోతున్నాయని పెద్దమనుషులు తెగ బాధపడ్డారు. గోవర్ధన్ ఇంకుడు గుంత తవ్వించి గొట్టం అందులోకి తిప్పాడు. పసుపు, కుంకుమ, చప్పట్లు! ఉప్పును భూమికి తాగిస్తూ దానికి దండాలు కూడానా, ఛీ! కొబ్బరికాయ కొట్టింది సక్కుబాయే. గుంత నిండితే తన బావిలో ఊట పెరుగుతుందని ఆమె ఆశ.

ఊట పెరిగింది కూడా. రెండేళ్లు తిరిగేసరికి కొత్తిమీర ఆకుల అంచులు మాడిపోయాయి, మడుల మీద తెల్లటి పొడి తేలింది. సక్కుబాయి చెంబుతో బావి నీళ్లు ముంచుకుని ప్లాంటుకు వెళ్లింది.

"జర తాగి చూడు, తమ్మీ."

గోవర్ధన్ ఒక గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"గిట్లున్నయేంది అక్కా? గివి తాగకు. మన ప్లాంటు నీళ్లు తీస్కపో, నీకు పైసలొద్దు."

"నేను తాగుత. నా కొత్తిమీరకు ఏం తాపాలె? ఆ పైపు తీసెయ్, నీ కాల్మొక్కుత."

"తీస్తే మళ్ల రోడ్డు మీదికొస్తయ్. ఊరోళ్లు ఊకుంటరా?"

ఆ ఊరోళ్లు అక్కడే క్యాన్లు పట్టుకుని వరసలో ఉన్నారు. వాళ్లలో ఒకాయన, "జర జరుగక్కా, డ్యూటీకి లేటయితుంది" అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కంపరమే.

ఆ ఏడే ఆమె కొత్తిమీర వేయడం మానేసింది. గోవర్ధన్ దయగలవాడట, పనిచ్చాడు. ఊరంతా అదే మాట. ఇప్పుడు సక్కుబాయి ఆ ప్లాంటులో క్యాన్లు కడుగుతుంది. పొద్దున్నే మిషన్ వేసి, ఉప్పు నీళ్లను గుంతలోకి వదిలే వాల్వు తిప్పేది కూడా ఆమే.