పడుగు పక్కన విష్ణుక్రాంత

నెక్కొండలో మేనత్త ఇంటికి వెళ్లి, పొద్దుటి బండికి వరంగల్‌లో దిగి నడిచి వస్తున్నాను. మా వీధి మొదట్లో నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటున్న పక్కింటామె నన్ను చూసి బిందె కింద పెట్టింది.

"బిడ్డా, మీ పెద్దమ్మ పోయిందే. తెల్లారంగనే పానం ఇడిసింది."

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా ఎదురింటి నేత మనిషి. అయినా వీధిలో పిల్లలందరికీ ఆమె పెద్దమ్మే, ఆమె భర్త పెదబాపే. ఆ మాట వినగానే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆమె గడప ముందరి పూలు. ఇంతమంది వచ్చిపోయే ఈ రోజు అవి ఎన్ని కాళ్ల కింద పడతాయో! ఈ రోజు గడిచినా, రేపటినుంచి వాటిని ఎవరు చూస్తారు? ఇంటికి చేరేదాకా నా మనసులో ఇదే దిగులు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఇంటికో మగ్గం ఉండేది. పొద్దున్నే, బట్టలో నిలువు పోగులయ్యే పడుగు దారాలను వీధి పొడవునా చాచి, రెండు చివర్లా గుంజలకు బిగించి, గంజి పూసేవారు. ఇద్దరు మనుషులు చెరో పక్కన నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెట్టేవారు. ఆ నేల అందరికీ పనిచోటు. అక్కడ చెత్త ఉండకూడదు, గడ్డి మొలవకూడదు. అలాంటి నేల మీద పెద్దమ్మ విష్ణుక్రాంతను పెంచింది.

ఆ మొక్కను మీరు ఎప్పుడో ఒకప్పుడు తొక్కే ఉంటారు. అది పైకి లేవదు. నేలను కరుచుకొని నలుదిక్కులా సన్నని తీగలు చాస్తుంది. పొద్దున గోరంత నీలం పూలు విచ్చుకుంటాయి, మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. పెద్దమ్మ మాత్రం ఒకసారి ఖిల్లా వైపు పోయినప్పుడు మొరం నేలలో దాన్ని చూసి అక్కడే కూర్చుండిపోయిందట.

తవ్వి తెచ్చి నాటితే ఎండిపోయింది. దాని వేరు కిందికి చాలా దూరం పోతుంది, మధ్యలో తెగితే బతకదు. మరుసటి ఏడు గింజలు ఏరి కొంగున ముడేసుకొని తెచ్చి, తొలకరికి చల్లింది. మొలిచాయి. ఆ సంతోషంలో ఆమె చేసిన పనిని తానే నవ్వుతూ అందరికీ చెప్పేది.

"పడుగుకు పెట్టంగ మిగిలిన గంజి పారబోసుడెందుకని వాటికి పోసిన బిడ్డా. బలమొస్తదనుకున్న. తెల్లారి చూస్తె చీమలు, నాలుగొద్దులకు చూస్తె కట్టెలు. నూలుకు పెట్టినట్టు పూలకు గంజి పెట్టినదాన్ని నేనొక్కదాన్నే ఉంటనేమో!"

మరుసటి తొలకరికి మళ్లీ గింజలు తెచ్చి చల్లి, ఈసారి ఆమె పద్ధతి మార్చుకుంది. ఎరువు లేదు, గంజి లేదు. బాగా ఎండ కాసిన రోజుల్లో చెంబెడు నీళ్లు చిలకరించేది. పక్కన మొలిచే గరికను మాత్రం రోజూ కూర్చుని చేత్తో పీకేది. "నీళ్లు తక్కువ పొయ్యాలె, చూసుడు ఎక్కువ చెయ్యాలె," అనేది. పరీక్షలప్పుడు, కొత్తవి తక్కువ పట్టుకొని చదివిందే ఎక్కువ చూడాలని ఆ మాట నాకు చాలాసార్లు గుర్తుచేసింది.

అసలు చిక్కు పెదబాపుతో వచ్చింది. కుంచె పట్టుకొని పడుగు వెంట నడిచేటప్పుడు ఆయన కాళ్లు సరిగ్గా ఆ తీగల మీద పడేవి.

"గడ్డి కోసం పనికాడ పక్కకు నడవాల్నా? రేపు గుంజ గూడ జరుపుమంటవ్," అని ఆయన కసిరాడు.

"గుంజ జరుపుమన్ననా? జర కాళ్లు చూసుకొమ్మన్న. కాళ్లకు గూడ కండ్లుండాలె," అంది పెద్దమ్మ.

మబ్బు పట్టిన పొద్దు ఆ పూలు విచ్చుకోవు. ఒక రోజు అవి ముడుచుకొనే ఉండటం చూసి ఆమె వీధంతా తిరిగి, "ఇయ్యాల వానొస్తది, పడుగులు పెట్టకుర్రి," అని చెప్పింది. ఆమె మాట మీద అందరూ పని ఆపారు. కాసేపటికి మబ్బు విడిపోయి, సాయంత్రం దాకా ఎండ ఫెళ్లున కాసింది. ఇక మొదలైంది వేళాకోళం.

"నీ పూలు పండుకున్నయని వాడంత పండుకున్నది గదనే!" అన్నాడు పెదబాపు.

"పూలు మబ్బున్నదనే చెప్పినయ్. వాన అన్నది నేను. వాటిని అనకుర్రి, నన్ను అనుర్రి," అంది ఆమె.

తప్పు ఎక్కడ జరిగిందో అంత కచ్చితంగా చెప్పి, దాన్ని అంత తేలిగ్గా నెత్తిన వేసుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు పెదబాపు కూడా నవ్వేశాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున మేం లేచేసరికి పడుగు గుంజలు రెండూ అవతలికి జరిగి ఉన్నాయి. తీగలకూ పడుగుకూ మధ్య మనిషి నడిచేంత చోటు వచ్చింది. ఎవరు జరిపారని అడిగితే పెదబాపు ఎటో చూస్తూ, "పాతయి చెద పట్టినయ్. కొత్తయి పాతిన. ఆడ నేల గట్టిగున్నది," అన్నాడు.

పెద్దమ్మ నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ పాత గుంజలే పొయ్యిల పెట్టిన బిడ్డా. చెద పట్టిన కట్టె అంత సేపు మండుతదా?" అంది. ఆమె ముఖంలో అప్పుడు కనిపించిన వెలుగు నాకిప్పటికీ గుర్తుంది.

నేను సుబేదారిలో కాలేజీకి పోవడం మొదలుపెట్టాక, చదివిన ప్రతి కొత్త మాటనూ వచ్చి ఆమెకు చెప్పేదాన్ని. ఒకనాడు ఆమె ఒక పువ్వును వేలితో చూపించి, "ఈ రంగును ఏమంటరో చెప్పు," అంది.

"నీలం."

"మా నూలుకట్టలల్ల నీలాలే ఎన్నో ఉంటయ్. ఏ నీలం?"

"ఆకాశనీలం."

"ఏ యాల్ల ఆకాశం? పొద్దటిదా, మాపటిదా?"

"నెమలి మెడ నీలం."

"నెమలి మెడ మెరుస్తది. ఇది మెరుస్తాందా? మాట తర్వాత ఎతుకు. ముందుగాల పువ్వును చూడు."

చాలా సేపు చూశాను. మాట దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. కానీ ఏదైనా రాసేటప్పుడు తొందరపడి మొదట తోచిన మాట పెట్టబోతే, "ఏ యాల్ల ఆకాశం?" అన్న ఆమె గొంతు వినిపిస్తుంది.

పూలు ముడుచుకున్నాక ఆ తీగను గరికలోంచి ఎలా పోల్చుకుంటావని కూడా ఆమెను అడిగాను. నా చెయ్యి పట్టుకొని ఒక ఆకు మీద పెట్టింది. సన్నటి నూగు, మంచి నూలు మీద ఉండేలాంటిది. "కండ్లు మోసపోతయ్ బిడ్డా. నేతోళ్ల వేళ్లు మోసపోవు," అంది.

తర్వాత మరమగ్గాలు వచ్చాయి. వీధిలో పడుగు చాచడం తగ్గి, ఈ మధ్య పూర్తిగా ఆగిపోయింది. మిగిలిన ఒక్క గుంజకు ఎవరో మేకపిల్లను కడుతున్నారు. పెద్దమ్మ ఆ మేకను కూడా ఓ కంట కనిపెట్టుకొనే ఉండేది.

పెద్దమ్మ పోయిన రోజు నేను వెళ్లేసరికి వాకిలి నిండా జనం. రాత్రి జల్లు పడి, పొద్దున ఎండ వచ్చింది. పూలన్నీ విచ్చుకొని ఉన్నాయి. పాడె మోసిన నలుగురూ మా వీధి నేతవాళ్లే. ఒకప్పుడు కుంచె పట్టి నడిచినవాళ్లే. గడప దిగగానే ఎవరూ ఏమీ అనకుండానే నలుగురూ అవతలికి జరిగి, గుంజ వైపు తిన్నగా సాగారు. అక్కడ ఇప్పుడు పడుగు లేదు. అయినా పడుగు పక్కన నడిచినట్టే నడిచారు. వెనక వచ్చిన జనమంతా అదే దారిన వచ్చారు. ఒక్క తీగ కూడా నలగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పెదబాపు ఆ తీగల ముందు గొంతుక్కూర్చొని ఉన్నాడు. పూలు ముడుచుకున్నాయి. ఆయన గుప్పిట్లో కొంత గరిక ఉంది.

"బిడ్డా, జర ఇటు రాయే. ఇందుల గరికేది, ఆమెదేది? అన్నీ ఒక్కతీర్గనే కనవడ్తానయ్. గరికనుకొని ఆమెదే పీకుతాన్నేమో."

"కండ్లతోటి కాదు పెదబాపు, వేళ్లతోటి చూడు," అన్నాను.

ఆయన గరికను పక్కన పెట్టాడు. చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. ఒక ఆకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని, కొత్త నూలుకట్ట వచ్చినప్పుడు చేసినట్టే, కళ్లు మూసుకొని మెల్లగా రుద్ది చూశాడు. తర్వాత కళ్లు తెరవకుండానే ఆయన చెయ్యి పక్క ఆకును వెతుక్కుంటూ కదిలింది.